ఎవరికి ఏ సీసా? మందు కల్లు తాగేవారికి సలహాలు

కెనడాలో 2019 అక్టోబరు నుంచి గంజాయి కలిపిన పానీయాలను చట్టబద్ధంగా అమ్ముకోవచ్చు. అయితే అక్కడి ప్రభుత్వానికి చాదస్తం ఎక్కువ. ఒక డబ్బాలో మత్తు పదార్థం పది మిల్లీగ్రాములు దాటకూడదట. ఆ లెక్క డబ్బా మీద అచ్చు వేయాలట. పసిపిల్లలు తీయలేని మూత బిగించాలట. కొనేవాళ్లూ తక్కువ తినలేదు. తొలిసారి తాగేవాడికి రెండు మిల్లీగ్రాములు చాలా, అలవాటున్నవాడికి ఐదు సరిపోతుందా అని చర్చలు పెట్టుకుంటారు.

మన పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో ఇంత తతంగం లేదు. కల్లు కాంపౌండుకు పోతే పాత బీరు సీసా ఒకటి చేతికిస్తారు. దాని మీద కాగితం ముక్క ఉండదు. అందులో ఏముందో తాగేవాడికి తెలియదు, పోసేవాడు చెప్పడు, అడగడం మర్యాద కాదు. అయినా ఎవరికి ఏది పడుతుందో తెలుసుకోకుండా తాగడం తెలివైనవాళ్లు చేసే పని కాదు కనుక, అన్ని రకాల బతుకులకూ, అన్ని స్థాయుల అనుభవానికీ పనికొచ్చేలా ఈ సలహాలు.

తొలిసారి తాగేవారికి

చెట్టు కిందికి మాత్రం పోవద్దు. అక్కడ గౌడన్న మోకు, ముత్తాదు వేసుకుని తాడెక్కి, లొట్టి దించుకొచ్చి, తాటాకు రేకలో పోస్తాడు. అందులో ఈగో చీమో తేలుతుంటుంది. ఊదుకుని తాగాలి. కొంచెం తీపి, కొంచెం పులుపు, కాస్త వగరు. ఆల్కహాలు నాలుగైదు శాతం ఉంటే ఎక్కువ. పొద్దున దించింది సాయంత్రానికి పులుస్తుంది, మర్నాటికి ముక్కు దగ్గర పెట్టుకోలేం. తాటిదో రుచి, ఈతదో రుచి. పోతుతాడు, పరుపుతాడు, పండుతాడు అంటూ మళ్లీ రకాలు. ఇలా పూటకో తీరుగా మారే సరుకును నమ్ముకుంటే కొత్తవాళ్లు గందరగోళపడతారు.

కాంపౌండు సీసాకు ఆ ఇబ్బంది లేదు. ఎండాకాలం, వానాకాలం ఒకటే రుచి. మొన్న తెచ్చినా, నిన్న తెచ్చినా ఒకటే తీపి. ఆ తీపి చెట్టుది కాదు, శాక్రిన్‌ది. మూడు రోజులైనా పులవని కల్లును చూసి కంగారుపడకండి. మెచ్చుకోండి. పులవడానికి అందులో కల్లుండాలి కదా.

కూలినాలి చేసేవారికి

పొద్దంతా నడుము వంచి పత్తి ఏరినవాళ్లకు, నాట్లేసినవాళ్లకు, మట్టి తట్ట మోసినవాళ్లకు మందు కల్లంత చవకైన వైద్యం లేదు. డాక్టరు దగ్గరికి పోతే చీటీ రాస్తాడు, పరీక్షలంటాడు. సీసా అయితే ఏమీ అడగదు. రెండు సీసాలు పడ్డాక నొప్పి తెలియదు. నొప్పే కాదు, ఇల్లు ఎటుందో కూడా తెలియదు. పొద్దున లేవగానే చేతులు వణుకుతాయి. అందుకూ మందు అక్కడే ఉంది.

"ఏందవ్వా, చేయి గట్ల వణుకుతుంది?"

"సీసా పడితె ఆగుతది బిడ్డా."

ఇంతకంటే నమ్మకమైన ఖాతాదారు ఏ వ్యాపారికీ దొరకదు. జబ్బు, దానికి మందు ఒకే దుకాణంలో దొరకడం పల్లెల్లో చిన్న సౌకర్యం కాదు. వచ్చిన కూలిలో సగం అక్కడ కట్టి, మిగిలిన దాంతో బియ్యం కొనండి. బియ్యానికి చాలకపోతే రేపటి కూలి ఉండనే ఉంది. చేతులు వణకకుండా ఉంటే.

బండి నడిపేవారికి

44వ నంబరు జాతీయ రహదారి జడ్చర్ల మీదుగా, భూత్పూర్ మీదుగా దిగుతుంది. 65వ నంబరు చౌటుప్పల్, చిట్యాల, నకిరేకల్, సూర్యాపేట మీదుగా విజయవాడకు పోతుంది. రెండూ వెడల్పైన రోడ్లు. సీసా తాగాక ఇంకా వెడల్పుగా కనిపిస్తాయి. ఒక లారీ రెండుగా కనిపిస్తే రెండింటికీ దారి ఇవ్వండి. వంపు లేని చోట వంపు కనిపిస్తే రోడ్డు వేసిన కాంట్రాక్టరును తిట్టండి. పంతంగి టోల్‌గేటు దగ్గర గంజాయి బండ్లను ఆపి సోదా చేసే పోలీసులను చూసి మనసులోనే నవ్వుకోండి. ఆంధ్ర, ఒడిశా సరిహద్దు కొండల నుంచి అంత దూరం గంజాయి మోసుకురావాల్సిన ఖర్మ మీకు లేదు. మీ మత్తు మీ ఊరి మలుపులోనే ఉంది.

ఇల్లాళ్లకు, పిల్లలకు

సారా దుకాణానికి మొగవాళ్లే పోయేవారు. కాంపౌండులో ఆ తేడా లేదు. ఆడవాళ్లు గుడాలు కొంగున కట్టుకుని దర్జాగా కూర్చుని తాగుతారు. ఇంటికి ఒక సీసా తీసుకుపోతారు. చంటిపిల్ల ఏడిస్తే గుక్కెడు పోసే ఇళ్లు కూడా ఉన్నాయి. పిల్ల ఠక్కున పడుకుంటుంది. ఎందుకంత తొందరగా పడుకుందని ఆలోచించకండి. పొద్దుపోయినా లేవకపోతే అప్పుడు ఆలోచించవచ్చు.

పిల్లలు కాస్త పెద్దయ్యాక వారికి వేరే ఏర్పాట్లు వచ్చాయి. ఒకప్పటి పాలమూరు జిల్లాలోదే అయిన కొత్తూరులో 2024 జనవరిలో బడిపిల్లల చేతుల్లో గంజాయి చాక్లెట్లు బయటపడ్డాయి. ఇంట్లో సీసా చూసి పెరిగిన పిల్లవాడికి చాక్లెట్ తప్పుగా అనిపించదు. పునాది గట్టిగా వేసినందుకు పెద్దలను అభినందించాలి.

శనివారం పట్నం నుంచి వచ్చేవారికి

మీరు ప్రకృతి ప్రేమికులు. వారమంతా ఏసీ గదిలో కూర్చుని, వారాంతంలో భువనగిరి వైపో, షాద్‌నగర్ వైపో స్వచ్ఛమైన కల్లు కోసం కారు తీస్తారు. రోడ్డు పక్కన తాటిచెట్టు కనిపించగానే దాని కింద అమ్మేదంతా ఆ చెట్టుదేనని నమ్మండి. చెట్టుకు లొట్టి కట్టి ఉందా, గీసిన గుర్తు ఉందా అని తల పైకెత్తి చూడకండి, మెడ పట్టేస్తుంది. మోకు భుజాన వేసుకున్న గీత కార్మికుడి పక్కన నిలబడి ఫొటో దిగండి. తర్వాత అతని దగ్గర కొనకుండా పక్క షెడ్డులో ప్లాస్టిక్ క్యాన్ నింపించుకోండి. అక్కడ ధర తక్కువ, ఎక్కుడు ఎక్కువ.

నీరా జోలికి పోవద్దు. తెల్లవారకముందే దించి, పులియకుండా చల్లగా దాచి అమ్మే ఆ తీపి నీళ్లలో మత్తుండదు. భువనగిరి దగ్గరి నందనంలో దాని కోసం కేంద్రం కట్టారు. హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో 2023 మేలో నీరా కేఫ్ తెరిచారు. మత్తులేని దాని కోసం ఎవరైనా అంత దూరం పోతారా?

పాతకాపులకు

ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లకు సలహా చెప్పేంతటివాణ్ని కాను. మొదట్లో ఒక సీసాకు ఎక్కింది, తర్వాత రెండుకు, ఇప్పుడు నాలుగు తాగితే గానీ మనిషి మామూలుగా ఉండడు. గమనించండి, మత్తెక్కడానికి కాదు, మామూలుగా ఉండడానికే నాలుగు. మీరు ఇప్పుడు ఏ దుకాణం కల్లు బాగుందో నాలుక మీద వేసుకుని చెప్పగలరు. ఫలానా ఊరి దుకాణంలో ఈ వారం మందు తగ్గిందని సాయంత్రానికి పది ఊళ్లకు పాకించగలరు. ప్రభుత్వ ప్రయోగశాలకు వారాలు పట్టే పని మీకు గంటలో అవుతుంది.

కొనేముందు గుర్తుంచుకోవలసినవి

*ఒకటి: చెట్లు లెక్కపెట్టవద్దు.* ఒక చెట్టు రోజుకు రెండు మూడు లీటర్లు ఇచ్చిందంటే మంచి చెట్టు. అన్ని చెట్లూ ఒకే కాలంలో పారవు. వాన లేని ఏడు అసలే పారవు. ఊళ్లో గీసే చెట్లు వంద ఉన్నాయనుకుంటే మూడు వందల లీటర్లు, అంటే ఐదు వందల సీసాలు కూడా నిండవు. దుకాణంలో రోజుకు రెండు వేల సీసాలు పోతున్నాయి అనుకోండి. మిగతావి ఏ చెట్టు ఇచ్చిందని అడగవద్దు. హైదరాబాదులో 2004లో కల్లు దుకాణాలు మూసేశారు, 2014 దసరాకు మళ్లీ తెరిచారు. ఆ పదేళ్లలో పట్నం నడిబొడ్డుకు తాటివనాలు నడిచివచ్చినట్టు ఎవరూ చూడలేదు. తెరిచాక సీసాలు మాత్రం నిండాయి.

*రెండు: మోతాదు గురించి పట్టించుకోవద్దు.* కాంపౌండు కల్లులో కలిపే అల్ప్రాజోలం అనే మందును డాక్టర్లు ఆందోళనకు వాడతారు. చిన్న మాత్రలో ఉండేది పావు మిల్లీగ్రాము. ఆ లెక్కన ఒక్క గ్రాము పొడి నాలుగు వేల మాత్రలు. అందుకే మాదకద్రవ్యాల చట్టం దాన్ని పట్టించుకునే తీరే వేరు. గంజాయి ఇరవై కిలోలుంటే వాణిజ్య పరిమాణం, అల్ప్రాజోలం వంద గ్రాములకే. అంతటితో పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల దాకా జైలు. ఇంత లెక్క చట్టానిది. కాంపౌండులో లెక్క వేరే ఉంటుంది. నీలం ప్లాస్టిక్ డ్రమ్ము, నీళ్లు, తెల్లటి పొడి, కలపడానికో కట్టె. పులుసులో ఉప్పు వేసినట్టు చేతి అంచనాతో వేస్తారు. సరిగా కలవకపోతే పైసీసాకు తక్కువ, అడుగుసీసాకు ఎక్కువ పడుతుంది. మీ భాగ్యాన్ని బట్టి.

*మూడు: మనవాళ్లు విజ్ఞానశాస్త్రంలో వెనకబడ్డారని బాధపడవద్దు.* క్లోరల్ హైడ్రేట్‌ను జర్మన్ శాస్త్రవేత్త లీబిగ్ 1832లో తయారుచేశాడు. పాలమూరు కాంపౌండులో దాని పేరు సీహెచ్. డయాజెపామ్ 1963లో మార్కెట్టుకొచ్చింది, మన దగ్గరికొచ్చి డైజోఫాం అయింది. అల్ప్రాజోలం అమెరికాలో 1981లో అనుమతి పొందింది, ఇప్పుడు మనదే. ప్రపంచంలో ఎక్కడ ఏ నిద్రమందు పుట్టినా మన కల్లు సీసా దాన్ని ఆదరించింది. ఇక తయారీ కూడా ఇక్కడే మొదలైంది. 2025 సెప్టెంబరులో హైదరాబాదు బోయినపల్లిలో ఒక ప్రైవేటు బడి మీద రాష్ట్ర మాదకద్రవ్యాల నిరోధక విభాగం ఈగల్ దాడి చేసింది. పిల్లల తరగతులు నడిచే భవనంలోనే అల్ప్రాజోలం వండుతున్నారు. సరుకు పోయేది భూత్పూర్ చుట్టుపక్కల కల్లు దుకాణాలకు. బడుల్లో ప్రయోగశాలలు లేవని ఇకమీదట ఎవరూ అనకూడదు.

*నాలుగు: దేవతకు మాత్రం చెట్టు కల్లే పోయండి.* ఎల్లమ్మకు సాక పోసేటప్పుడు ఊరవతల చెట్టు దాకా పోయి, గౌడన్నను బతిమాలి, ఒక ముంత తెచ్చుకోండి. ఆమెకు తేడా తెలుస్తుంది. పండుగ అయ్యాక మీరు సీసా తాగండి.

*ఐదు: ఎక్కుడును బట్టే గౌడును తూచండి.* అన్నిటికంటే ముఖ్యమైన సలహా ఇదే. మందు కల్లు వ్యాపారం మొత్తం దీని మీదే నిలబడి ఉంది. నిజంగా చెట్టెక్కే మనిషి ఒకడు ఊళ్లో మిగిలాడనుకోండి. తెల్లవారుజామున లేచి, ముప్పై చెట్లెక్కి దిగి, రెండు కుండలు తెచ్చి అరుగు మీద పెడతాడు. మీరు పోయి ఒక రేకెడు తాగి మూతి ముడవండి.

"ఏం గౌడన్నా, నీళ్లు పోసినవా? అసలు ఎక్కుతనే లేదు."

"లేదు పటేలా, ఇప్పుడే దించిన. నురుగు సూడు."

"నురుగేం జేసుకోను? ఆ రోడ్డు మీదోంది ఒక్క సీసాకే తల తిరుగుతది."

అంతే. ఇంకో మాట అక్కర్లేదు. ఆ మనిషి కుండలు సాయంత్రానికి పులిసిపోతాయి. వారం ఇలా చేస్తే చెట్లెక్కడం మానేసి కూలికి పోతాడు, లేదా తనూ పొడి పొట్లం కొంటాడు. రెండిట్లో ఏది జరిగినా రోడ్డు మీది దుకాణానికే లాభం. ఆ దుకాణం నడిపించే మామ్లేదారు తాడిచెట్టును దగ్గరి నుంచి చూసి ఎన్నేళ్లయిందో ఆయనకే తెలియాలి.

సూర్యాపేట బొమ్మగాని ధర్మభిక్షం నల్లగొండ జిల్లాలో గీత కార్మికులను కూడగట్టి, గీసేవానికే చెట్టు అని దశాబ్దాలు కొట్లాడారు. కాంట్రాక్టరు చేతి నుంచి చెట్టును గీతగాడి సంఘానికి తేవడం ఆ పోరాటం. ఇప్పుడు ఆ గొడవే అక్కర్లేకుండా పోయింది. చెట్టూ లేదు, గీసేవాడూ లేడు, కల్లు ఉంది. తాటిచెట్టు మీది నుంచి జారిపడి నడుము విరిగేది గీతగాడికి, సొసైటీ లైసెన్సు పేరు చెప్పి సీసాలు అమ్ముకునేది ఇంకొకరు. చెట్టెక్కేవాళ్లు పడిపోకుండా ఉండడానికి 2024 జులైలో ప్రభుత్వం కాటమయ్య పేరిట రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మంచిదే. ఎక్కిన చెట్టు కల్లు అమ్ముడుపోయేలా చేసే కిట్టు మాత్రం ఏ ప్రభుత్వం దగ్గరా లేదు. అది తాగేవాళ్ల నాలుక మీదే ఉంది.

మానేయాలనుకునేవారికి

ఇక్కడ తప్పుడు సలహా ఇవ్వడానికి చేయి రావడం లేదు. ఇచ్చిన చోట మనుషులు చచ్చిపోయారు.

2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీ కల్లు మీద గట్టిగా పడింది. దుకాణాలకు పొడి రావడం ఆగింది. కల్లులో మత్తుమందు తగ్గిన రెండు మూడు రోజులకే పాలమూరు, నిజామాబాదు, మెదక్ జిల్లాల ఆసుపత్రులకు, ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు జనం వందల్లో వచ్చారు. వంకర్లు పోతూ, ఫిట్స్‌తో, ఎవరితోనో మాట్లాడుతూ, లేనివి కనిపిస్తున్నాయని గోడల వైపు చేతులు చాస్తూ. విషం తాగి కాదు, విషం అందక ఆసుపత్రి పాలయ్యారు. 2023 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్ ప్రభుత్వాసుపత్రి మళ్లీ అలాంటి రోగులతో నిండింది. 2025లో మాత్రం మందు ఎక్కువైన కథలు. ఏప్రిల్‌లో కామారెడ్డి జిల్లా నస్రుల్లాబాద్ మండలంలో పదుల మంది పడిపోయారు. జులైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్లు తాగినవాళ్లు విరేచనాలతో, పడిపోయిన బీపీతో నిమ్స్, గాంధీ ఆసుపత్రుల్లో చేరారు. కొందరు ఇళ్లకు తిరిగి రాలేదు. నమూనాల్లో అల్ప్రాజోలం తేలింది. ఎక్కువైనా ప్రమాదమే, ఉన్నట్టుండి ఆగినా ప్రమాదమే.

కారణం తేలికే. ఇలాంటి మందు ఏళ్ల తరబడి రోజూ పడిన మెదడు దాని ఆసరా మీదే నడవడం నేర్చుకుంటుంది. ఆసరా ఒక్కసారిగా లాగేస్తే వణుకు, చెమటలు, నిద్రలేమి, తికమక మాటలు, ఆపైన ఫిట్స్. ఇంట్లోవాళ్లు గాలి సోకిందనుకుంటారు, దయ్యం పట్టిందనుకుంటారు, తాయెత్తు కట్టిస్తారు. ఆ రెండు రోజుల జాప్యంలోనే ప్రాణం పోతుంది. డాక్టర్లు చేసే వైద్యం అందరికీ అందుబాటులోనే ఉంది. అదే జాతి మందును కొలిచి ఇచ్చి, రోజులు గడిచేకొద్దీ మోతాదు తగ్గించుకుంటూ వస్తారు. లెక్క ప్రకారం.

కాబట్టి మీ ఇంట్లో అవ్వయినా, అయ్యయినా, చెల్లెలైనా రోజూ కాంపౌండు కల్లు తాగేవాళ్లుంటే తిట్టి, గదిలో పెట్టి, ఒక్కరోజులో మాన్పించకండి. మహబూబ్‌నగర్ గానీ, నల్లగొండ గానీ, దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోయి, రోజుకు ఎన్ని సీసాలు, ఎన్నేళ్లుగా తాగుతున్నారో సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి. మాట తడబడినా, ఫిట్స్ వచ్చినా 108కి ఫోన్ చేయండి. మత్తు మాన్పించే సలహాకు 14446, మనసు బాగోకపోతే 14416, పొడి అమ్మేవాడి ఆచూకీ చెప్పడానికి 1908. ఊళ్లో ఇంకా చెట్టెక్కే గౌడన్న ఒక్కడున్నా, ఈ పండక్కి అతని దగ్గరే ఒక లొట్టెడు కొనండి. ఎక్కలేదని మాత్రం అనకండి.